ఆబూ కొండ మీద పచ్చల పిట్ట

మౌంట్ ఆబూ వెళ్లొచ్చినవాళ్లని అక్కడ ఏం చూశారని అడగండి. దిల్వారా ఆలయాల పాలరాతి చెక్కడాలు, నక్కీ చెరువులో పడవ షికారు, సన్‌సెట్ పాయింట్... చకచకా చెప్పేస్తారు. అదే కొండ మీద పొలం గట్టున గడ్డిగింజలు ఏరుకు తినే ఓ బుల్లిపిట్ట సంగతి మాత్రం చాలామందికి తెలియదు. పక్షిప్రేమికులు మాత్రం మెడలో బైనాక్యులర్లు వేసుకుని దానికోసమే ఇక్కడిదాకా వస్తారు. అదే ఆకుపచ్చ మునియా. హిందీలో హరీ మునియా.

కొలిస్తే పట్టుమని 10 సెంటీమీటర్లుంటుంది. మన పిచ్చుక కన్నా చిన్నదన్నమాట. వీపు లేతాకు పచ్చ, పొట్ట నిమ్మపండు పసుపు, ముక్కేమో పండుమిరప ఎరుపు. పక్కల మీద జీబ్రాకి ఉన్నట్టు నలుపూ తెలుపూ చారలు. ఆడపిట్టలో ఇవే రంగులు కాస్త వెలిసినట్టుంటాయి. శాస్త్రవేత్తలు దీని పేరులో 'ఫార్మోసా' అని చేర్చారు. లాటిన్‌లో ఆ మాటకి అర్థం 'అందమైనది' అని. మనదేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా కనిపించదు!

ఎడారి పక్కన చల్లని కొండ

రాజస్థాన్ అనగానే ఇసుక దిబ్బలే గుర్తొస్తాయి. కానీ ఆరావళి పర్వతాల్లోకెల్లా ఎత్తయిన గురుశిఖర్ (1,722 మీటర్లు) ఉన్నది ఈ ఆబూ కొండమీదే. నైరుతి మేఘాలు కొండకు తగిలి చుట్టుపక్కల మైదానాల కన్నా ఇక్కడ ఎక్కువగా కురుస్తాయి. దాంతో గడ్డి ఏపుగా పెరుగుతుంది, సెలయేళ్లు పారతాయి. గింజలు తిని బతికే పిట్టకి ఇంతకన్నా ఏం కావాలి?

కొండ మీది అడవిని 1960లో అభయారణ్యంగా ప్రకటించారు. తమాషా ఏమిటంటే మన మునియాకి దట్టమైన అడవితో పెద్దగా పనిలేదు. దానికి కావలసింది ఎత్తయిన గడ్డి, పక్కనే కాసిన్ని నీళ్లు, ప్రమాదం వస్తే దూరడానికి ఓ ముళ్లపొద. అవన్నీ దొరికేది ఊళ్ల అంచుల్లోనే. అందుకే గురుశిఖర్ వెళ్లే దారిలో ఓరియా, అచల్‌గఢ్ వైపు పొలాల దగ్గర దీన్ని వెతుకుతారు. గుంపులుగా నేల మీద వాలి మేస్తుంటాయి. అలికిడైతే చాలు, అన్నీ ఒక్కసారిగా లేచి పొదలోకి మాయం! పిచ్చిమొక్కని మనం తిట్టుకునే లాంటానా గుబుర్లే వీటికి కోటగోడలు.

గూడు కట్టేది ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మధ్యలో. పొడవాటి గడ్డిలోనో, చెరకు తోటలోనో ఆకుల్ని చుట్టి బంతిలా అల్లుతుంది. నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. అంటే దీని కాపురం రైతు చేతిలో ఉన్నట్టే. గట్టు మీది గడ్డిని తగలబెట్టినా, కంచె పొదల్ని నరికేసినా, పొలం కాస్తా భవనంగా మారినా పిట్టకి ఇల్లు పోయినట్టే.

అందమే శాపం

ఇంగ్లిషువాళ్లు దీన్ని గ్రీన్ అవడవాట్ అన్నారు. అవడవాట్ అంటే ఏమిటో అనుకునేరు... మన అహ్మదాబాద్! దీనికి దగ్గరి చుట్టమైన ఎర్ర మునియాల్ని అప్పట్లో ఆ నగరం నుంచి పంజరాల్లో విదేశాలకి పంపేవారు. అలా ఊరి పేరే పిట్టలకి స్థిరపడిపోయింది. పేరులోనే వ్యాపారం ఉందన్నమాట. పాకిస్థాన్‌లోని లాహోర్ ప్రాంతంలో ఒకప్పుడు ఆకుపచ్చ మునియాలు గూళ్లు కట్టుకున్నాయి. అవీ పంజరాల్లోంచి తప్పించుకున్నవే.

అడవి పక్షుల్ని పట్టడం, అమ్మడం మనదేశంలో 1990ల ఆరంభం నుంచీ నిషేధం. అయినా దొంగచాటుగా వలలు పడుతూనే ఉన్నాయి. మామూలు మునియాలకి రంగులద్ది అమ్మే ఘనులూ ఉన్నారు! ఇటు వేటా, అటు తరిగిపోతున్న గడ్డినేలలూ కలిసి ఆకుపచ్చ మునియాని ముప్పున్న పక్షుల జాబితాలోకి నెట్టాయి.

పిల్లలు ముచ్చటపడ్డారనో, పుణ్యం కోసం ఎగరేద్దామనో పంజరంలోని పిట్టని కొంటే, ఆ డబ్బుతో మరో వల తయారవుతుంది. కొనేవాళ్లు లేకపోతే పట్టేవాళ్లూ ఉండరు.

మన దగ్గరా ఉంది

ఈ పిట్ట మనకి పరాయిదేం కాదు. రాజస్థాన్ నుంచి మధ్య భారతం మీదుగా ఉత్తరాంధ్ర దాకా అక్కడక్కడా దీని ఉనికి నమోదైంది. కాకపోతే ఆబూలో దొరికినంత తేలిగ్గా చాలాచోట్ల కంటపడదు. కాబట్టి అటు వెళ్లినప్పుడు ఒక్క ఉదయం దీనికోసం అట్టేపెట్టండి. ఆబూ రోడ్ స్టేషన్‌లో రైలు దిగితే కొండ మీది ఊరు 28 కిలోమీటర్లు. అక్కడి నుంచి గురుశిఖర్‌కి మరో 15. పెందలాడే బయల్దేరి, స్థానిక గైడుని వెంటబెట్టుకుని, పొలాల్లోకి దిగకుండా దారిపక్కనే నిలబడండి. గూడు కనిపిస్తే ఫొటో కోసం దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ఓపిక పడితే గడ్డిపోచల మధ్య ముందు ఎర్రటి ముక్కు కనిపిస్తుంది. గుంపు లేచిందా... పచ్చటి ఆకులకే రెక్కలొచ్చినట్టుంటుంది!