పాత బండి ఎగురుతుంటే ముందు చూడాల్సింది స్ప్రింగు కాదు, షాకులు



ఈసారి పంట గురించి కాదు, బండి గురించి రాస్తున్నా. మన చిట్టమూరు, కోట, వాకాడు పక్క ఊళ్ళలో ఇప్పటికీ చాలా ఇళ్ళ ముందు పాత ఓమ్ని వ్యాన్లు, మారుతి 800 కార్లు కనిపిస్తాయి. గుంత దాటినాక కూడా బండి ఊయల మాదిరి ఊగుతా ఉంటే "పాత బండి గదా, అట్టానే ఉంటాది" అని వదిలేస్తాం. లేదంటే ఎవరో చెప్పారని వెనక కమాన్ కట్టకు ఇంకో పట్టీ వేయిస్తాం. ఈ రెండూ ఎందుకు సరికాదో, అసలు ఎక్కడ చూసుకోవాలో, మా వ్యానుకు ఏమేం చేయించానో వివరంగా చెబుతా. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది 2008 మోడల్ ఓమ్ని. 15 ఏళ్ళు నిండినాక 2023లో మళ్ళీ ఐదేళ్ళకు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. 796 సీసీ ఇంజను, ఇప్పటికీ తాళం తిప్పితే పలుకుతుంది. ఎరువు కట్టలు, మోటారు, వడ్ల బస్తాలు, పెళ్ళికి పోయే చుట్టాలు, అన్నీ దాంట్లోనే. కంపెనీ 2019లో ఈ బండి తయారీ ఆపేసింది గానీ సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి.

పోయిన ఏడాది మా అమ్మకు వెన్నుపూస ఒకటి నలిగింది. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు. నీళ్ళ బిందె ఎత్తింది, అంతే. 78 ఏళ్ళ మనిషి, ఎముకలు గుల్లబారి ఉన్నాయి అన్నారు డాక్టరు గారు. నడుముకు బెల్టు పెట్టి, పదిహేను రోజులకోసారి నెల్లూరు తీసుకురమ్మన్నారు. కుదుపులు మాత్రం తగలనీయొద్దని గట్టిగా చెప్పారు. మనకు గూడూరు పోయి హైవే ఎక్కేదాకా రోడ్డు ఎట్టా ఉంటుందో మీకు తెలుసు. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన తారు కొన్నాళ్ళకు అలలు అలలుగా తయారవుతుంది. దానికి తోడు దమ్ము చక్రాలు ఊడదీయకుండా రోడ్డెక్కే ట్రాక్టర్లు. మొదటిసారి పోయొచ్చినాక అమ్మ, "అబ్బయ్యా, గుంతలో పడితే ఓర్చుకుంటాలే గానీ, పడినాక ఊగే ఊపు తట్టుకోలేకపోతున్నా" అన్నది.

అమ్మ చెప్పిన ఆ మాటలోనే జబ్బు ఏందో ఉంది. గుంతలో పడటం వేరు, పడినాక ఊగడం వేరు. పడినప్పుడు తగిలే దెబ్బను మెత్తన చేసేది స్ప్రింగు. పడినాక ఊగకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. మనం షాకులు అంటాం గదా, అవే.

ఎద్దుల బండికి స్ప్రింగు ఉండదు. గుంతలో పడితే దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది, కానీ బండి ఊగదు. పాత జట్కాలకు కమాన్ కట్టలు ఉండేవి. ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుని కొంత ఊపును అవే తగ్గించేవి. గుర్రం పోయే వేగానికి అది చాలు. కారు వేగానికి చాలదు. స్ప్రింగు తనను నొక్కిన బలాన్ని దాచుకుని మళ్ళీ తిరిగిచ్చేస్తుంది. పైకి నెడుతుంది, కిందికి దిగుతుంది, మళ్ళీ నెడుతుంది. ఆ బలాన్ని ఎవరో ఒకరు తినేయాలి. ఆ పని షాకుది.

షాకు లోపల ఆయిలు ఉంటుంది, సన్న బెజ్జాలున్న పిస్టన్ ఉంటుంది. దమ్ము చేసిన మడిలో కాలు పెట్టి తీయండి. నిదానంగా తీస్తే వచ్చేస్తుంది. విసురుగా లాగితే బురద పట్టుకుంటుంది. ఎంత విసురుగా లాగితే అంత గట్టిగా పట్టుకుంటుంది. ఆయిలు చేసే పనీ అదే. ఊపులో ఉన్న బలం ఆయిల్లో వేడిగా మారిపోతుంది. అందుకే గతుకుల రోడ్డు మీద నుంచి వచ్చినాక మంచి షాకు ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. నాలుగింటిలో ఒకటి చల్లగా ఉందంటే అది పని చేయడం లేదేమోనని అనుమానించాలి.

మా బండి తీసుకుని ఒక షెడ్డుకు పోయినా. ఆ పిల్లోడు వెనక ఒకసారి నొక్కి చూసి, "కమాన్లు మెత్తబడినాయి అన్నా, ఇంకో పట్టీ వేస్తే గట్టిగా నిలబడతాది" అన్నాడు.

"ఎత్తు తగ్గిందా అబ్బాయా?" అని అడిగినా.

"తగ్గలేదన్నా, ఎగురుతాంది గదా."

ఎత్తు తగ్గకపోతే కమాన్ మెత్తబడినట్టు కాదు. టేపు తీసుకుని చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు పక్కలా కొలిచినాం. ఎడమ, కుడి సమానంగా ఉన్నాయి. పట్టీ ఏదీ విరగలేదు. ఇంకో పట్టీ వేస్తే స్ప్రింగు ఇంకా బిర్రుగా అవుతుంది, తిరిగి నెట్టే బలం పెరుగుతుంది. దాన్ని ఆపాల్సిన షాకు చచ్చి ఉంటే బండి ముందుకన్నా ఎక్కువ ఎగురుతుంది. వద్దని చెప్పి, వేరే మేస్త్రీ దగ్గరికి పోయినా.

కొందరు వెనక రెండు ఇసుక బస్తాలు వేసుకుని తిరుగుతారు. బరువుకు ఊపు నిదానం అవుతుంది, మెత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఆ బరువు బ్రేకుల మీద పడుతుంది. షాకు లేని బండికి అసలే బ్రేకు తక్కువ. చక్రం నేలకు గట్టిగా ఆనుకుని ఉన్నప్పుడే బ్రేకు పట్టుకుంటుంది. చక్రం ఎగిరి గాల్లో ఉన్న క్షణంలో ఎంత తొక్కినా లాభం లేదు. వానలో, మలుపులో, ఎదురుగా గేదె వచ్చినప్పుడు ఆ కొంచెం తేడానే ప్రాణం మీదికి వస్తుంది. ఊపును నేను సౌకర్యం కింద లెక్క వేయను, బ్రేకు కింద లెక్క వేస్తా.

ఇంటి దగ్గర మీరే చూసుకోగలిగినవి చెబుతా.

ముందు టైర్లలో గాలి. తలుపు పక్కనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. "కొంచెం ఎక్కువే కొట్టు" అంటే బంతి మాదిరి ఎగురుతుంది. పైసా ఖర్చు లేని రిపేరు ఇదే.

రెండోది, నాలుగు మూలల్లో ఒక్కో మూల గట్టిగా రెండు మూడు సార్లు నొక్కి వదలండి. పైకి వచ్చి నిలబడితే మంచిది. ఇంకా ఊగుతా ఉంటే షాకు పోయింది. అయితే పూర్తిగా చచ్చిన షాకే ఈ పరీక్షలో దొరుకుతుంది. సగం పోయినది తప్పించుకుంటుంది. అందుకే దీంతోనే ఆగొద్దు.

మూడోది, షాకు ఒంటి మీద ఆయిలు. సన్నగా దుమ్ము అంటుకుని ఉంటే పర్వాలేదు. తడిగా కారి చారలు కట్టి ఉంటే సీలు పోయినట్టే.

నాలుగోది, టైరు మీద చేత్తో తడమండి. గుండ్రంగా సమానంగా అరిగి ఉండాలి. ఒకచోట గుంత, ఒకచోట మిట్టగా తగిలితే ఆ చక్రం రోడ్డు మీద గెంతుతా పోతోందని అర్థం.

ఐదోది శబ్దం. ఊపుతో పాటు టకటక మంటే బుష్షులో, బాల్ జాయింట్లో చూడాలి. షాకు మార్చినా ఆ శబ్దం పోదు.

ఒక జాగ్రత్త. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు. స్టాండో, గట్టి చెక్క దిమ్మలో పెట్టి, చక్రాలకు రాళ్ళు అడ్డం వేసినాకనే.

మా బండికి వెనక రెండు షాకులూ పోయినాయి. ఊడదీసి చేత్తో నొక్కితే వాషర్ పోయిన సైకిలు పంపు మాదిరి ఊరికే దిగిపోయింది ఒకటి. ముందు రెండు స్ట్రట్లకు ఆయిలు కారుతోంది. కమాన్ కట్ట చివర్లలో ఉండే రబ్బరు బుష్షులు పొడి పొడిగా రాలినాయి. మన సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. ముందురోజు రాత్రే ఆయిలు కొట్టి పెట్టుకుంటే తేలిగ్గా వచ్చేవని మేస్త్రీ అన్నాడు. మీరు ఆ పని చేసుకుని పోండి.

చేయించేటప్పుడు దగ్గరుండి చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. షాకులు జతగా మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ఆయిలు షాకును బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు నొక్కి లాగాలి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. రబ్బరు బుష్షుల బోల్టులను బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడినాకనే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలి తిరిగి ఉండిపోయి తొందరగా చినిగిపోతుంది. ఇది చాలామంది వదిలేస్తారు, అడిగి చేయించుకోండి. ముందు స్ట్రట్లలో స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది. దాన్ని విప్పడానికి వేరే పనిముట్టు ఉంది. అది లేకుండా విప్పితే స్ప్రింగు ఎగిరి మొహాన కొడుతుంది. అది ఇంట్లో చేసే పని కాదు. ముందు స్ట్రట్లు మార్చినాక అలైన్‌మెంటు తప్పకుండా చూపించాలి.

మొత్తం సామాను, కూలి కలిపి అర పుట్టి వడ్ల డబ్బు కూడా కాలేదు. కొత్త టైర్లు నాలుగు మార్చాలన్నా ఇంతకన్నా ఎక్కువ అయ్యేది.

ఆ తర్వాత నెల్లూరు పోయేటప్పుడు అమ్మను ముందు సీట్లో కాకుండా మధ్యలో కూర్చోబెట్టినా. ఓమ్నిలో ముందు సీటు సరిగ్గా ముందు చక్రాల మీద ఉంటుంది, దెబ్బ నేరుగా తగులుతుంది. రెండు ఇరుసుల నడుమ కూర్చున్న మనిషికి ఊపు తక్కువ. గుంతలు గుంతలుగానే ఉన్నాయి, వాటిని మనం మార్చలేం. కానీ పడిన తర్వాత బండి ఒక్కసారి లేచి నిలబడిపోతోంది. గూడూరు దాటేసరికి అమ్మ నిద్రపోయింది. మూడు నెలలకు బెల్టు తీసేశారు. ఇప్పుడు బిందె ముట్టనివ్వడం లేదు మేము.

ఇంట్లో ముసలివాళ్ళు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్న ఆడబిడ్డలు పాత బండిలో ప్రయాణం చేస్తుంటే, రేపు పొద్దున్నే నాలుగు మూలలా ఒకసారి నొక్కి చూడండి. ఐదు నిమిషాల పని. ఎవరైనా ఎక్స్‌ట్రా పట్టీ వేయమంటే ముందు టేపుతో ఎత్తు కొలవండి. ఎత్తు తగ్గి ఉంటే, పట్టీ విరిగి ఉంటే కమాన్ పని చేయించండి. ఎత్తు సరిగ్గా ఉండి బండి ఊగుతుంటే షాకులు మార్చమనండి.

ఉంటాను. నారుమళ్ళ పని మొదలైంది, వచ్చే పోస్టు దాని గురించే.