స్కాట్లండులోని హిమాలయములు

గోల్ఫు అనగానే ఎత్తైన ప్రహరీగోడయు, దాని వెనుక కత్తిరించిన పచ్చికయు, కార్లు దిగివచ్చు ధనికులును మన సోదరీమణులలో పలువురకు మనసున మెదలుట సహజము. విశాఖపట్టణమునను, హైదరాబాదునందు గోలకొండ కోటను జేరియున్న నయాకిలాలోను ఈ యాటకు బయళ్లు గలవు. అయినను ఆ దారిని బోవు గృహిణి, అది తనకు సంబంధించిన చోటు కాదని తలచి తన దారిని తాను పోవును. ఈ యాటకు పుట్టినిల్లని లోకము చెప్పుకొను సెంటు ఆండ్రూసు పట్టణమును మేము చూచి వచ్చితిమి. అచ్చట ఈ యాట గోడల వెనుక లేదు. ఊరివారి ఉమ్మడి బయలునందున్నది. అందును స్త్రీల సంఘమొకటి కాపాడుకొని వచ్చిన చిన్న బయలొకటి కలదు. దానిపేరు హిమాలయములు! ఆ వృత్తాంతమును, క్రొత్తగా ఆడదలచు వారికి పనికివచ్చు కొన్ని సంగతులును ఇందు వ్రాయుచున్నాము.

బంతియాట స్త్రీలకు క్రొత్తది కాదు. దండి రచించిన దశకుమారచరిత్రమున కందుకావతి యను రాచకన్నె నెలనెలా కృత్తికా నక్షత్రము నాడు దేవి సన్నిధిని, ప్రజలు చూచుచుండగా, బంతియాడు ఘట్టము చదివిన సోదరీమణులు ఎఱుగుదురు. ఆ కథను కేతన తెలుగుచేసి ఇన్ని వందల యేండ్లయినను, పెండ్లియైన స్త్రీ బంతి చేతబట్టిన నేటికిని నవ్వువారున్నారు.

మా తమ్ముడు ఎడింబరోలో ఉద్యోగము చేయుచు భార్యతోను బిడ్డతోను కాపురముండుటచే మాకు ఈ ప్రయాణము తటస్థించినది. బడిపంతులగు మావారికి వేసవి సెలవులు గూడ కలిసివచ్చినవి. ఎడింబరోలో రైలెక్కి, 1890లో తెఱవబడిన ఫోర్తు వంతెనమీదుగా సముద్రపు పాయను దాటి, లూకర్సు అను స్టేషనులో దిగితిమి. సెంటు ఆండ్రూసునకు పూర్వము రైలుండెను గాని, ఆ దారి 1969లో మూతపడినది. కావున అచ్చటనుండి బస్సులో పోవలెను. ఊరు చిన్నది. కూలిన పెద్ద చర్చి గోడలును, 1413లో నెలకొన్న విశ్వవిద్యాలయమును చూచి, మఱదలు తొందరపెట్టుచుండగా సముద్రతీరమునకు నడచితిమి.

పట్టణమునకు పడమటగా, కడలికిని సాగునేలకును నడుమ మిట్టపల్లములుగా పఱచుకొన్న ఇసుకనేలను అచ్చటివారు లింక్సు అందురు. ఉప్పుగాలి తాకిడికి అచ్చట పెద్ద చెట్లు పెరుగవు, పైరులు పండవు. బిరుసైన పొట్టి గడ్డియు, పచ్చని పూలు పూయు ముండ్లపొదలును మాత్రము పెరుగును. ఇసుకనేల యగుటచే వాన వెలిసిన కొంతసేపటికే నీరింకిపోయి కాలికి బురద యంటదు. దున్నుటకు పనికిరాని ఈ నేల ఆటకు పనికివచ్చినది. జనులు విలువిద్య మాని ఈ యాట మరగుచున్నారని రెండవ జేమ్సు రాజు 1457లోనే దీనిని నిషేధించెనట! అయినను ఆట నిలిచినది. ఆటకు 18 గుంటలను లెక్కయు 1764లో ఇచ్చటనే యేర్పడి, పిమ్మట లోకమంతట వ్యాపించినది.

ఈ నేల ఊరివారికి ఊరక దక్కలేదు. 1797లో పట్టణపాలకులు అప్పులపాలై దీనిని అమ్ముకొనిరి. తరువాత దీనిపై హక్కు పొందినవారు ఇందు కుందేళ్లను పెంచిరి. అవి నేలనంతయు బొఱియలు చేయగా, ఆటగాండ్రకును వారికిని తగవులు ముదిరి న్యాయస్థానములకెక్కినవి. తుదకు 1894లో పార్లమెంటు శాసనమునుబట్టి పట్టణమే దీనిని మరల కొనుక్కొన్నది. నేడు ఒక ధర్మకర్తల సంఘము ఇచ్చటి బయళ్లను నిర్వహించుచున్నది. వానిలో బాల్గోవ్ అను తొమ్మిది గుంటల బయలు పిల్లలకును, క్రొత్తవారికిని ఉద్దేశింపబడినది. మిక్కిలి పురాతనమైన ఓల్డుకోర్సునందు ఆదివారము సామాన్యముగా ఆట ఉండదు. ఆనాడు ఊరివారు పిల్లలతోను, కుక్కలతోను అందు షికారు చేయుదురు. లోకప్రసిద్ధమైన ఆ పచ్చికమీద మేము వెళ్లిన ఆదివారమున ఒక తల్లి తన పసివానికి నడక నేర్పుచుండెను.

నేల ఇట్లు అందఱిదైనను, దాని యంచుననున్న సంఘభవనము మాత్రము స్త్రీలకు బహుకాలము మూసియుండెను. 1754లో పుట్టిన రాయలు అండ్ ఏన్షెంటు సంఘము స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు సమ్మతించినది 2014 సెప్టెంబరులో. అనగా 260 ఏండ్లు పట్టినది! స్త్రీలు అంతవరకు ఆడకుండిరా యనిన, ఆడుచునేయుండిరి. ఎడింబరోను జేరియున్న మస్సెల్‌బరోలో చేపలమ్ము స్త్రీలు ఆడెడివారు. వారిలో మేటికి క్రొత్త చేపలబుట్టయు, శాలువయు బహుమానమీయవలెనని అచ్చటి సంఘమువారు 1810లో తీర్మానించిరి. గంపనెత్తు చేతులకు కఱ్ఱనెత్తుట ఒక లెక్కా?

కాని గొప్పయింటి స్త్రీలకే చిక్కు వచ్చినది. కఱ్ఱను భుజముపైకెత్తి కొట్టుట కులస్త్రీలకు తగదని ఆ కాలపు మర్యాద. 1890లో వెలువడిన ఒక గోల్ఫు గ్రంథమున ఒక ప్రభువు, స్త్రీలు కొట్టు బంతి 70, 80 గజములు దాటకుండుట మేలని సెలవిచ్చెను. అంతకు పూర్వమే, 1867లో, సెంటు ఆండ్రూసు స్త్రీలు దీనికొక ఉపాయము కనుగొనియుండిరి. భుజముపైకి కఱ్ఱ లేవనక్కఱలేని భాగము ఆటలో ఒకటున్నది: దగ్గఱి బంతిని మెల్లగా దొరలించి గుంటలో పడవేయుట. దానినే ‘పట్టింగు’ అందురు. ఆ భాగమునకే తమకొక సంఘమును స్థాపించుకొనిరి. స్త్రీల గోల్ఫు సంఘములలో అది లోకమున మిక్కిలి ప్రాచీనమని ఎన్నబడుచున్నది. వారు ఆడుచు వచ్చిన ఎగుడుదిగుడు నేలకే హిమాలయములని పేరు.

మన హిమవంతుడు ఇంతటివాడయ్యెనా యని మావారు నవ్విరి. అలలు గడ్డకట్టినట్లున్న పచ్చని గుట్టలవి. మోకాలెత్తువి కొన్ని, అంతకు మించినవి కొన్ని. సంఘమువారి వేళలు గాక తక్కిన వేళలలో ఎవ్వరైనను కొద్దిపాటి రుసుము చెల్లించి ఆడవచ్చును. కఱ్ఱయు బంతియు వారే యిత్తురు. తాతలు, మనుమలు, విద్యార్థులు, దూరదేశములనుండి వచ్చినవారు అందఱును వరుసదీరియుండిరి. మేము పైట చెఱగు నడుమున బిగించి, కుచ్చెళ్లు కొంచెము పైకి దోపుకొని ఆడితిమి. చీర ఆటకడ్డు కాలేదు. ఈ యాటలో ఎవరి దెబ్బలు వారే లెక్కపెట్టుకొనవలెను. మావారు మూడవగుంటకు ఏడుదెబ్బలు తీసికొని, బడి హాజరుపట్టీ వ్రాసినంత శ్రద్ధతో ఏడు అని వేసికొనిరి.

మా వెనుక ఆడుచున్న నెఱసిన తలతోడి ముసలామె మఱదలి చేతిపట్టును చూచి దయతో దగ్గఱకు వచ్చి కొన్ని మెళకువలు చెప్పినది. అవి ఇవి:

పాదములు భుజముల వెడల్పున ఎడముగా నుంచి, బంతి సరిగా కన్నుల క్రిందికి వచ్చునట్లు వంగవలెను. మణికట్టు ఆడరాదు. భుజములు కదలగా, చేతులు గడియారపు లోలకమువలె ఊగవలెను. దూరమైన కొలది దెబ్బ గట్టిగా కాక, ఊపు పొడవుగా ఉండవలెను. దిక్కు కంటె దూరము ముఖ్యము. బంతి ఒక జానెడు పక్కకు పోయినను మఱుదెబ్బకు పడును. దూరము తప్పిన పది అడుగులు మిగులును. గుట్ట అడ్డమువచ్చినప్పుడు గుంటవంక చూడరాదు. బంతి ఎచ్చట వంపు తిరుగవలెనో ఆ చోటిని గుఱిగా పెట్టుకొని అచ్చటికి కొట్టవలెను. గోలీలాడిన మన పిల్లలకు ఈ సంగతి ఎవరును చెప్పనక్కఱలేదు.

ఇంక మఱదలి సంగతి. ఆమెకు ఈ యాటపై మక్కువ. బిడ్డ పుట్టిన పిదప పరాయిదేశమున, చలిలో, నాలుగుగోడల నడుమ రెండేండ్లు గడపినది. బయట నడచునట్టి ఆట ఏదైన కావలెనని ఒక దుకాణమునకు పోగా, ఆ దుకాణమువాడు పదునాలుగు కఱ్ఱలును, తోలుసంచియు, బండియు, జోళ్లును లేనిదే ఆట మొదలుపెట్టరాదన్నట్లు చెప్పెను. ఆ వెల విని ఆమె మరల ఆ మాట ఎత్తలేదు. “వదినా! ఇది నాబోటివారి ఆట కాదనుకొంటిని” అని హిమాలయములపై నిలిచి చెప్పినప్పుడు ఆమె గొంతు బొంగురువోయినది. ముసలామె ఆ మాటకు అర్థమడిగి తెలిసికొని, పదునాలుగనునది నియమమున గరిష్ఠసంఖ్యయే కాని కనీససంఖ్య కాదని నవ్వినది. నిజమే, అంతకు మించి కఱ్ఱలు మోయరాదని 1939లో ఇచ్చటి సంఘము నియమము చేసినది. తక్కువకు అడ్డులేదు.

కావున క్రొత్తవారికి నాలుగైదు కఱ్ఱలు చాలును. మొదటిది దొరలించు పట్టరు. రెండవది బాగుగ వెనుకకు వాలిన ముఖముగల వెడ్జి. ఇసుకగుంటనుండి బంతిని లేపుటకును, కొద్దిదూరము ఎగురవేయుటకును ఇది పనికివచ్చును. ఇనుపకఱ్ఱలలో ఏడవ అంకెదియు, తొమ్మిదవ అంకెదియు చాలును. అంకె పెరిగిన కొలది ముఖము వాలును, కఱ్ఱ పొట్టియగును. బంతి ఎక్కువ ఎత్తు లేచి తక్కువ దూరము పోవును. దూరమునకు హైబ్రిడ్ అను కఱ్ఱ యొకటి. అన్నింటికంటె పొడవైన డ్రైవరు క్రొత్తవారి చేతిలో సులువుగా లొంగదు. దానిని తరువాత కొనవచ్చును. స్త్రీలకు గ్రాఫైటు కాడలు తేలిక. పొడవు ఒడ్డునకు తగియుండవలెను. పురుషుల కఱ్ఱను ఊరక కోసి పొట్టి చేసిన తూకము మాఱును. వాడిన కఱ్ఱలు సగము వెలకును, అంతకంటె తక్కువకును దొరకును. పట్టుచోట రబ్బరు జాఱుచున్న గోరువెచ్చని సబ్బునీట కడిగిన చాలు, పగిలియున్న మార్పించుకొనవలెను. బంతి బరువు 45.93 గ్రాములు మించరాదు, గుంట అడ్డుకొలత 4¼ అంగుళములు. ఇవి అందఱకును ఒకటే. వెలగల బంతికిని, చవుకబంతికిని గల భేదము క్రొత్తవారి దెబ్బకు తెలియదు. పొదలలో పోగొట్టుకొను కాలమున ఏరి అమ్ము పాతబంతులే మేలు.

నేర్చుకొను క్రమమును ముఖ్యమే. గుంటనుండి వెనుకకు నేర్చుకొనవలెను. మొదట మూడడుగుల దూరమునుండి దొరలించుట. తరువాత అదే ఊపుతో తొమ్మిదవ కఱ్ఱతో పచ్చిక అంచునుండి లేపుట. ఆ పిదప సగము ఊపు. చివరకు పూర్తి ఊపు. కఱ్ఱను గట్టిగా బిగించుట క్రొత్తవారి సామాన్యదోషము. ముగ్గు పెట్టునప్పుడు పిండిని నొక్కిపట్టిన ధార తెగును, వదలిన కుప్పపడును. ఆ నడిమి పట్టే ఇచ్చటను కావలెను. బంతిని లేపవలెనని చేతులతో ఎత్తరాదు. లేపుట కఱ్ఱముఖపు వాలు చేయు పని. నడుము తిరుగగా చేతులు వెంటవచ్చునే గాని, చేతులు కొట్టగా నడుము నిలువరాదు.

హిమాలయములనుండి చూచిన ఓల్డుకోర్సు కనబడును. 2007లో స్త్రీల బ్రిటిషు ఓపెను పోటీ తొలిసారి అచ్చట జరిగి, మెక్సికో దేశపు లోరెనా ఒచోవా గెలిచినది. 2024లో మరల అచ్చటనే న్యూజీలండు వనిత లిడియా కో గెలిచినది. మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఒక్కమెట్టులో పతకము తప్పి నాలుగవస్థానమున నిలిచినది. ఆ పోటీలో ఆమె కఱ్ఱలసంచి మోసినది ఆమె తల్లియే. కూతురి వెంట బరువు మోయుట తల్లులకు క్రొత్తపని కాకపోయినను, మైదానమున అందఱియెదుట మోయుట చూచి మాకు మిక్కిలి సంతోషమైనది.

మఱదలు వాడిన పట్టరు నొకదానిని, ఏడవ కఱ్ఱ నొకదానిని ఇటీవల కొనుక్కొన్నదట. బిడ్డను బండిలో కూర్చుండబెట్టుకొని వారమున కొకమాఱు పోవుచున్నానని వ్రాసినది. మన యూళ్లలో అట్టి ఉమ్మడిబయళ్లు లేవు. ఉన్న బయళ్లకు చందాలును, నియమములును కలవు. అయినను దగ్గఱగా బయలున్నవారు క్రొత్తవారికి నేర్పు వేళలున్నవేమో అడిగి తెలిసికొనవచ్చును. లేనివారు మధ్యాహ్నము పనులు తీఱినపిదప హాలులో జంపకానా పఱచి, ఒక గ్లాసును పక్కకు పరుండబెట్టి, మూడడుగులనుండి బంతిని అందులోనికి దొరలించి చూడుడు. పదింట ఆఱు పడిన, ఆట సగము వచ్చినట్లే. పిల్లలు మాకును మాకును అని చుట్టుముట్టిన, వారిని వరుసలో నిలిపి, మీ వంతు మాత్రము విడువకుడు.