సెకండ్ గేరు

మా దిక్కు ఎవరు బండి కొన్నా మొదలు పోయేది యాదగిరిగుట్టకే. ఆలేరుకు దగ్గరే కాబట్టి ఇంకో గుడి ఆలోచన కూడా రాదు. సెకండ్ హ్యాండ్ కారైనా సరే బానెట్ మీద పసుపు కుంకుమ పడాలి, టైర్ల కింద నిమ్మకాయలు నలగాలి. మేమూ అట్లాగే పోయాం. స్టీరింగ్ దగ్గర బాపు, పక్కన నేను, వెనక అమ్మ, నాయినమ్మ. పూజ అయింది, కొబ్బరికాయ కొట్టారు. నిమ్మకాయలు తొక్కించి ఫస్ట్ గేర్లో మెల్లగా కదిలిన కారు సెకండ్‌లోకి మారిందో లేదో, వెనక నుంచి లారీ గుద్దినట్టు ఒక్క కుదుపు కుదిపింది. నాయినమ్మ నుదురు ముందు సీటుకు తగిలింది. చేతిలో ఉన్న పులిహోర పొట్లం కింద పడింది.

"గీ కారు కంటె ఎడ్లబండే నయం గదరా" అంది.

అందరం నవ్వాం. బాపు నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో అర్థం కావాలంటే ఆయన గురించి కొంచెం చెప్పాలి. బాపు 20 ఏళ్లు ట్రాలీ బండి నడిపాడు. ఆలేరు నుంచి ఇటు జనగామ, అటు భువనగిరి. వడ్ల బస్తాలు, సిమెంటు, పెండ్లి సామాను, ఏది దొరికితే అది. పాల క్యాన్లు వేసుకుపోతే మూత పక్క నుంచి చుక్క కారేది కాదని ఇప్పటికీ మా వాడకట్టులో చెప్పుకుంటారు. "డ్రైవర్‌కు చెయ్యి గాదురా, ఎడమ కాలు జూడాలె" అనేవాడు. రెండేళ్ల కింద హైవే మీద జరిగిన యాక్సిడెంట్‌లో సరిగ్గా ఆ ఎడమ కాలే విరిగింది. రాడ్ వేశారు. నడుస్తాడు, మెట్లు ఎక్కుతాడు, కానీ మోకాలు సగం దాకే వంగుతుంది. క్లచ్ తొక్కలేడు. బండి అమ్మేశాం. ఏడాదిన్నర పాటు అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు విని ఏది ఏ గేర్లో పోతుందో చెప్పేవాడు, ఎవరూ అడగకపోయినా.

క్లచ్ పెడల్ లేని కారు కొందామన్నది నా ఐడియా. అంటే ఈ కథలో మొదటి ముద్దాయిని నేనే.

ఖరీదైన ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. నూనె ద్వారా శక్తి పోతుంది కాబట్టి గేరు మారినట్టు పెద్దగా తెలియదు. మాది అది కాదు, ఏఎంటీ. మన దేశంలో చిన్న కార్లలోకి ఇది 2014లో మారుతీ సెలేరియోతో వచ్చింది. దాని గేర్లు మార్చే యంత్రాంగం ఇటలీకి చెందిన మాగ్నెటి మరెల్లిది. తర్వాత ఇంకా చాలా కంపెనీలు ఇదే దారి పట్టాయి. మా కారు ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఏఎంటీలో లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. డ్రైవర్ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని మాత్రం ఒక చిన్న పంపు, కొన్ని సోలినాయిడ్ వాల్వులు చేస్తాయి. వాటికి ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పేది ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ యూనిట్, అంటే టీసీయూ. అరచేతిలో పట్టేంత డబ్బా. యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతుంది, క్లచ్ ఎక్కడుంది అని క్షణక్షణం చూస్తూ ఉంటుంది. గేరు మార్చాలంటే ఇంజన్ టార్క్ తగ్గించమంటుంది, క్లచ్ విడదీస్తుంది, పాత గేరు తీసి కొత్తది వేస్తుంది, మళ్లీ క్లచ్ కలుపుతుంది. బాపు 20 ఏళ్లు చేసింది కూడా ఇదే, డబ్బా లేకుండా.

ఆ కుదుపు ఒక్కసారితో పోలేదు. ప్రతి సెకండ్ గేరుకూ అదే దెబ్బ. మా గల్లీలో స్పీడ్ బ్రేకర్లు నాలుగు. ప్రతిదాని దగ్గరా ఫస్ట్‌కు వచ్చి మళ్లీ సెకండ్‌లోకి పోవాలి, నాలుగుసార్లు తలలు ఊగాలి. అరుగుల మీద కూర్చున్నవాళ్లకు అదో కాలక్షేపం అయింది. "ఏం మామా, కొత్తగ నేర్సుకుంటున్నవా?" అని ఒకాయన అడిగాడు. సరదాకే అడిగాడు. కానీ ఆ రోజు నుంచి బాపు కారు బయటికి తీయడం తగ్గించాడు. తీసినా పొద్దున్నే, ఎవరూ లేవకముందే.

ఒకసారి కొలనుపాక రోడ్డు మీద పోతూ బాపు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "దీనికి ప్లేటు కొత్తది ఏసిన్రు బిడ్డా. గిదేమో పాత ప్లేటు అనుకోని వదులుతుంది. పట్టుకునే జాగ దీనికి తెల్వదు."

నేనేమన్నాను? "బాపూ, ఇది నీ ట్రాలీ కాదు. ఇందులో ప్లేటు సంగతి కాదు, మ్యాపింగ్ ప్రాబ్లం. సాఫ్ట్‌వేర్ మార్చాలి."

ఈసీఈ థర్డ్ ఇయర్ అండీ. మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో ఎల్ఈడీ వెలిగించిన ధైర్యం.

ముందు ఒక స్కానర్ కొని పెట్టి చూశాను. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి తగిలించి ఫోన్‌లో చూడొచ్చు. ఒక్క ఫాల్ట్ కోడ్ కూడా లేదు. టీసీయూ లెక్క ప్రకారం దానికి ఏ జబ్బూ లేదు. ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. నేను ఆగలేదు. సిటీలో ఒక ట్యూనింగ్ షాపుకు ఫోన్ చేస్తే కొత్త ఫైల్ వేస్తాం, 12,000 అన్నారు. అంత డబ్బు ఎక్కడిది? ఆన్‌లైన్‌లో ఒక కేబుల్ దొరికింది, ఒక గ్రూపులో మా టీసీయూ నంబర్‌కు సరిపోయే కొత్త వెర్షన్ ఫైల్ దొరికింది. ఇంకేం కావాలి.

టీసీయూలోకి కొత్త ప్రోగ్రాం పంపే పద్ధతి నిజంగా అందంగా ఉంటుంది, చెప్పకుండా ఉండలేను. ఐఎస్ఓ 14229 అనే ప్రమాణం ఉంది, దాన్నే యూడీఎస్ అంటారు. ముందు ప్రోగ్రామింగ్ సెషన్‌లోకి రమ్మని అడగాలి. తర్వాత హెక్సాలో 27వ నంబరు సర్వీసు. టీసీయూ ఒక సంఖ్య విసురుతుంది, దానికి సరైన జవాబు లెక్కగట్టి చెబితేనే తలుపు తీస్తుంది. పాతది చెరిపాక 34తో "డేటా తెస్తున్నా" అని చెప్పాలి, 36తో ముక్కలు ముక్కలుగా పంపాలి, ప్రతి ముక్కకూ వరుస నంబరు. 37తో అయిపోయిందని చెప్పాలి. చివరికి 11తో రీసెట్. అన్నీ సరిగ్గా పోతే పది నిమిషాల పని. ఈ మొత్తం సేపు కారు బ్యాటరీ వోల్టేజీ పడిపోకూడదు. వర్క్‌షాపుల్లో అందుకే పక్కన పవర్ సప్లై పెట్టుకుంటారు. ఈ చివరి వాక్యం నాకు తర్వాత తెలిసింది.

ఆదివారం పొద్దున వాకిట్లో మొదలుపెట్టాను. బాపు పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఏం గాదు గద?" అని ఒక్కసారే అడిగాడు. "ఏం కాదు" అన్నాను. ఇంజన్ ఆఫ్, కీ మాత్రం ఆన్. బ్లోవర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఆపాలని తట్టలేదు. బ్యాటరీ ఎప్పటిదో తెలియదు. స్క్రీన్ మీద 63 శాతం దగ్గర బార్ ఆగింది. రెండు నిమిషాలు చూశాను. ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వచ్చింది. కీ తిప్పితే డాష్‌బోర్డు మీద గేరు నంబరు ఉండాల్సిన చోట ఒక గీత మాత్రమే వెలుగుతోంది. స్టార్టర్ అసలు తిరగలేదు. గేరు న్యూట్రల్‌లో ఉందని టీసీయూ చెబితేనే స్టార్టర్ తిరుగుతుంది, చెప్పాల్సిన టీసీయూకు మాట పడిపోయింది. స్కానర్‌లో ఇప్పుడు మాత్రం కోడ్ ఉంది. యూ 0101, గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో సంబంధం తెగిపోయిందని దాని అర్థం.

ఇద్దరం కారును తోసి గోడ పక్కకు పెట్టాం. బాపు కుడి కాలి మీద బరువు వేసి తోశాడు. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

మంగళవారం నాయినమ్మను నడుం నొప్పికి బీబీనగర్ ఎయిమ్స్‌లో చూపించాలి. కారు కొన్నదే దాని కోసం, ఆ రోజు కారు గోడ పక్కనే ఉంది. ఆలేరు స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కాం. వంగపల్లి, రాయగిరి, భువనగిరి, బీబీనగర్. మామూలుగా నాకు ఇష్టమైన దారి, కిటికీలోంచి భువనగిరి గుట్ట కనబడుతుంది. ఆ రోజు బాపు, నేను ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం కిటికీలోంచే చూశాం. రైలు దిగేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉండి నాయినమ్మ నా భుజం పట్టుకుంది. "కారుకు ఏమైందిరా?" అంది. "చిన్న రిపేరు" అన్నాను.

మా సీనియర్ ఒకతను ఉప్పల్ దిక్కు ఒక చిన్న వర్క్‌షాపు చెప్పాడు. రికవరీ వ్యాన్ మీద తీసుకెళ్లాం. దానికి పోసిన డబ్బులు ఇక్కడ రాస్తే అమ్మ చదువుతుంది. వర్క్‌షాపులో అన్న నా కేబుల్ వైపు, నా లాప్‌టాప్ వైపు చూసి ఏమీ అనలేదు. ముందు బ్యాటరీకి పవర్ సప్లై తగిలించాడు. మీటర్ 13 వోల్టుల పైన నిలబడ్డాకే మిగతా పని. టీసీయూలో బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం వేరే చోట భద్రంగా ఉంటుందట, అసలు ప్రోగ్రాం సగంలో ఆగిపోయినా అది మాత్రం మేలుకునే ఉంటుందట. ఆ కిటికీలోంచే ఆయన కంపెనీ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాడు. 63 శాతం దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. దాటింది. గీత పోయి "ఎన్" అని అక్షరం వెలిగింది.

"సరే, ఇది నువ్వు చేసిన రిపేరుకు రిపేరు" అన్నాడు అన్న. "అసలు కంప్లయింటు ఏంది?"

నేను నోరు తెరిచేలోపు బాపు చెప్పాడు. కొలనుపాక రోడ్డు మీద నాకు చెప్పిన మాటే, అక్షరం పొల్లు పోకుండా.

అన్న బాపును ఒకసారి తేరిపార చూశాడు. "మీరు డ్రైవరా కాకా?" అన్నాడు. "కరెక్టు పట్టుకున్నరు."

సంగతి ఏమిటంటే, క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ అది ఫ్లైవీల్‌ను తాకే చోటు కొంచెం కొంచెం జరుగుతుంది. తేడా మిల్లీమీటర్లలోనే. టీసీయూ ఆ చోటును గుర్తు పెట్టుకుంటూ పోతుంది. అక్కడిదాకా గబగబా వదిలి, అక్కడి నుంచి మెల్లగా వదులుతుంది. మాకు అమ్మినవాళ్లు అమ్మే ముందు కొత్త ప్లేటు వేయించారు, మంచిదే. కానీ కొత్త ప్లేటు మందంగా ఉంటుంది, ముందే తాకుతుంది. ఆ సంగతి టీసీయూకు ఎవరూ చెప్పలేదు. అది ఇంకా పాత చోటు దాకా గబగబా వదులుతూనే ఉంది, మధ్యలోనే కొత్త ప్లేటు అంటుకుంటుంది, నాయినమ్మ నుదురు సీటుకు తగులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. నేను తెచ్చిన కొత్త వెర్షన్ పూర్తిగా ఎక్కినా కుదుపు అట్లాగే ఉండేది.

చెప్పడం ఎట్లాగో కూడా చూశాను. ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కాక, న్యూట్రల్‌లో బ్రేకు తొక్కి పట్టుకోమన్నాడు. టూల్‌లో క్లచ్ లెర్నింగ్ నొక్కాడు. క్లచ్ పూర్తిగా విడిపోయి ఉన్నప్పుడు గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ తిరగదు. టీసీయూ క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదులుతూ పోయింది. ఒకచోట షాఫ్ట్ కదిలింది. అదే కొత్త ప్లేటు తాకిన చోటు. రాసుకుంది. మళ్లీ విడదీసి, మళ్లీ తాకించి సరిచూసుకుంది. కింద నుంచి టక్, స్స్ అని చప్పుళ్లు. బాపు బానెట్ మీద చెయ్యి పెట్టి తల వంచి విన్నాడు. అరుగు మీద కూర్చుని బండ్లు విన్నప్పటి ముఖమే. తర్వాత గేర్ల స్థానాలు ఒక్కొక్కటిగా నేర్పించాడు. అంతా కలిపి అరగంట లోపే.

"నడుపు కాకా" అని తాళం బాపు చేతిలో పెట్టాడు.

ఉప్పల్ ట్రాఫిక్‌లో ఫస్ట్, సెకండ్, మళ్లీ ఫస్ట్, మళ్లీ సెకండ్. ఏఎంటీ ఏఎంటీయే, మారేటప్పుడు చిన్న తగ్గు ఉంటుంది, అది పోదు. దెబ్బ మాత్రం పోయింది. ఘట్‌కేసర్ దాటేదాకా నేను మాట్లాడలేదు. తర్వాత "బాపూ, నువ్వు ముందే చెప్పినవ్" అన్నాను.

"చెప్పిన" అన్నాడు. అంతే.

కొంచెం దూరం పోయాక చూశాను. ప్రతి గేరుకూ బాపు కుడి కాలు యాక్సిలరేటర్ మీద కొంచెం లేస్తోంది. దాంతోపాటే ఎడమ పాదం మ్యాట్ మీద మెల్లగా నొక్కుకుంటోంది, అక్కడ పెడల్ లేకపోయినా. మోకాలు వంగకపోతే ఏం, మడమ దగ్గర కదులుతుంది కదా. నేను చూడటం ఆయన చూసి, "అలవాటు" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకింది. వాడకట్టంతా అరుగుల మీదే ఉంది. నాలుగు స్పీడ్ బ్రేకర్లూ దాటి వచ్చాం. బాపు కారును వాకిట్లోకి తీసుకురాకుండా ముందుకు పోనిచ్చి, గల్లీ చివర తిప్పి, మళ్లీ అదే నాలుగూ దాటించి తెచ్చి ఆపాడు.

ఇప్పుడు నాయినమ్మ ముందు సీట్లోనే కూర్చుంటుంది. నేను లాప్‌టాప్ బ్యాగుతో కారు దగ్గరికి పోతే మాత్రం "వద్దురా, దాన్ని బతకనీ" అని అరుస్తుంది.