దీపం ఉండగానే

ఆటలంటే కాలక్షేపమనీ, వీడియో గేములంటే చదువు చెడగొట్టేవనీ పెద్దలు అంటుంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఒక కార్ల పందెం ఆట భౌతికశాస్త్రంలోని ఒక పాఠాన్ని మాకు బాగా వంటబట్టించింది. అది మా హాస్టల్‌లో ఒక పనికి కూడా వచ్చింది. వార్షిక సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగితే, ఆ సంగతే తమ్ముళ్లకు చెబుదామనుకున్నాం.

మా హాస్టల్‌లో చదివి ఇంజినీరింగులో చేరిన అన్న ఒకరు సెలవులకు వచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్ తెస్తారు. అందులో ఫార్ములా వన్ ఆట ఉంది. కరీంనగర్ పల్లెల వాళ్లం, ఆదిలాబాద్ నుంచి వచ్చిన వాళ్లం కలిసి పదిమందిమి. మనిషికి మూడు ల్యాపులు. ల్యాప్ అంటే పందెం బాటను ఒకసారి చుట్టి రావడం. తెర మీద ఒక మూల చిన్న బ్యాటరీ బొమ్మ, అందులో ఎంత మిగిలిందో శాతం కనిపిస్తుంది. ఆటలోని కిటుకంతా ఆ చిన్న బొమ్మలోనే ఉంది.

ఇవి హైబ్రిడ్ కార్లు. ఇంజనుతో పాటు ఒక విద్యుత్ మోటారు కూడా చక్రాలను తిప్పుతుంది. బ్రేకు వేసినప్పుడు ఆ మోటారే జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగే లారీలను చూసిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బరువుతో దిగే లారీ బ్రేకులు కాలిన వాసన వస్తాయి. దాని గతిశక్తి వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్ కారు ఆ పోయే శక్తిలో కొంత పట్టుకుని దాచుకుంటుంది. శక్తి నశించదు, రూపం మారుతుందని మనం కంఠస్థం చేసిన వాక్యం ఇదే.

ఫార్ములా వన్‌లో ఈ పద్ధతి 2009లో కెర్స్ అనే పేరుతో వచ్చింది. అప్పుడు ల్యాపుకు 400 కిలోజౌళ్లు మాత్రమే వాడుకోనిచ్చేవారు. 60 కిలోవాట్ల చొప్పున వాడితే అది ఆరున్నర సెకన్లకు కాస్త పైగా వస్తుంది. ఆ ఏడాది హంగేరీ పందెంలో లూయిస్ హామిల్టన్ గెలుపు హైబ్రిడ్ కారుకు ఫార్ములా వన్‌లో తొలి గెలుపు. 2014 నుంచి 2025 వరకు ఉన్న నియమాల్లో బ్యాటరీ నుంచి ల్యాపుకు 4 మెగాజౌళ్లు, 120 కిలోవాట్లు. భాగిస్తే 33 సెకన్లు. ఒక ల్యాపు ఒకటిన్నర నిమిషం పడుతుందనుకుంటే, మిగతా సమయమంతా ఆ సహాయం ఉండదు. మరి ఆ 33 సెకన్లు ఎక్కడ ఖర్చు పెట్టాలి?

2018 ఆటలో కోడ్‌మాస్టర్స్ కంపెనీ వారు ఈ నిర్ణయాన్ని ఆటగాడి చేతికే అప్పగించారు. తరువాత వచ్చిన ఆటల్లో ఓవర్‌టేక్ అనే ఒక్క బటన్‌తో తేలిక చేశారు. కొత్తగా ఆడేవాళ్లు ఆ బటన్ మీద వేలు తియ్యరు. సగం దూరం పోకముందే బ్యాటరీ అయిపోతుంది. వెనక ఉన్నవాళ్లు వరుసగా దాటిపోతారు. తెలిసినవాళ్లు మలుపు తిరిగి పొడవాటి రోడ్డు మీదికి వచ్చే చోట నొక్కుతారు. అక్కడ పెరిగిన వేగం రోడ్డు పొడవునా పనికొస్తుంది. అదే రోడ్డు చివర నొక్కితే దండగ. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఎంత శక్తి పోసినా గాలే తినేస్తుంది. పైగా కాసేపటికే బ్రేకు వెయ్యాలి. ముందు కారు వెనకాలే పోతున్నప్పుడు గాలి తక్కువ తగులుతుంది కాబట్టి అక్కడ దాచుకోవచ్చు.

ఇది తెర మీది ముచ్చటే అనుకోవద్దు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. మన దేశంలో అదే మొదటిది. అవి హైబ్రిడ్‌లు కావు, పూర్తిగా బ్యాటరీ కార్లు. పందెంలో వాడే శక్తిలో కనీసం 40 శాతం బ్రేకుల నుంచే తిరిగి వచ్చేలా వాటిని తయారు చేశారు. ఫ్రాన్స్ దేశపు వెర్న్ పొదుపుగా నడిపి, వెనకాలే తరుముకొచ్చిన న్యూజిలాండ్ కాసిడీని చివరిదాకా ఆపి గెలిచాడు. స్విట్జర్లాండ్ బ్యుయెమీ మూడో స్థానంలో గీత దాటాడు. అనుమతించిన దానికన్నా ఎక్కువ సామర్థ్యం వాడినందుకు శిక్ష పడి ఆ స్థానం పోయింది. అది పోర్చుగల్ డా కోస్టాకు దక్కింది. శక్తి వేరు, సామర్థ్యం వేరని పరీక్షలో రాసే జవాబుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. ఎంత ఉంది అనేది శక్తి, ఎంత వేగంగా ఖర్చవుతోంది అనేది సామర్థ్యం.

ఇప్పుడు మా హాస్టల్ సంగతి. పదో తరగతి పరీక్షల ముందు గాలిదుమారాలకు రాత్రిపూట కరెంటు పోతుండేది. ఒక్కటే ఇన్వర్టర్. స్టడీ హాలు ట్యూబులూ, అన్ని గదుల ఫ్యాన్లూ దాని మీదే. తొమ్మిది కాకముందే అంతా చీకటి. ఫ్యాన్లు తీసేయమని పదో తరగతి వాళ్లన్నారు. ఉక్కపోతకు, దోమలకు ఐదు, ఆరు తరగతుల పిల్లలు ఏడుస్తున్నారని మిగతావాళ్లన్నారు. ఇద్దరి మాటా న్యాయమే.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాం. బ్యాటరీ మీద 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు అని ఉంది. గుణిస్తే 1800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. ఫార్ములా వన్ కారు ల్యాపుకు వాడిన 4 మెగాజౌళ్లు 1.1 యూనిట్లే! మా మూలన ఉన్న బ్యాటరీలో అంతకన్నా ఎక్కువ శక్తి ఉందని తెలిసి ఆశ్చర్యపోయాం. కాకపోతే కారు దాన్ని అర నిమిషంలో ఖర్చు చేస్తుంది, మాకు అది రాత్రంతా రావాలి. బ్యాటరీని అడుగుదాకా వాడకూడదు కాబట్టి 1000 వాట్ అవర్లు అనుకున్నాం. స్టడీ హాలుకు 20 వాట్ల ట్యూబులు నాలుగు, మూడు గంటలు: 240. మిగిలింది 760. చిన్నపిల్లల గదుల్లో 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు తిప్పితే రెండున్నర గంటలు. పిల్లలు నిద్రపోవడానికి అది చాలు.

కాగితం వార్డెన్ సారుకు చూపించాం. సారు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మిగతా లైన్లు ఇన్వర్టర్ నుంచి తప్పించారు. పెద్దవాళ్లం ఫ్యాన్ లేకుండా చెమటలోనే చదివాం. ట్యూబులు మాత్రం పదింటిదాకా వెలిగాయి. చిన్నవాళ్లు ఏడవలేదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు చెప్పారు. ఆ దీపం ఏ గదిలో పెట్టాలన్నది కూడా అంతే ముఖ్యమని మాకు తెలిసింది. తమ్ముళ్లారా, ఇన్వర్టర్ పక్కన గోడకు అంటించిన ఆ లెక్క కాగితాన్ని చింపకండి. వచ్చే ఏడు ట్యూబులు, ఫ్యాన్లు మారితే అంకెలు మార్చి మళ్లీ లెక్క వేసుకోండి.