అల్లుడుగారి ఇంజను

ఆడపిల్లను కని, చదివించి, విదేశంలో కాపురానికి పంపిన ప్రతి తల్లీ ఏదో ఒకనాడు రెండు పెట్టెలనిండా ఆవకాయా, కందిపొడీ, పసివాడికి వసకొమ్మూ సర్దుకుని విమానం ఎక్కక తప్పదు. 2023 ఏప్రిల్‌లో నా వంతు వచ్చింది. మా అమ్మాయీ అల్లుడూ ఉండేది ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డుకు దగ్గర్లోని ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో. మనవడికి మూడో నెల. వాడికి నూనె రాసి, నలుగుపెట్టి, కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పొయ్యాలని నేను ఉవ్విళ్ళూరుతూ వెడితే, ఆ ఇంట్లో అప్పటికే ఒంటినిండా నూనె రాయించుకుని కూర్చున్నది ఇంకొకటి కనిపించింది.

భోజనాల బల్లమీద పాత పత్రికలు పరిచి, వాటిమీద మూరెడు పొడుగున ఇనపదిమ్మ!

"ఇదేమిటే, రుబ్బురోలా?" అన్నాను.

"సిలిండరు హెడ్డమ్మా. నీ అల్లుడి కారుది. గారేజీలో చలిగా ఉందని ఇక్కడికి తెచ్చారు. ముట్టుకోకు, చీరకి మరకవుతుంది" అంది మా అమ్మాయి, అన్నంగిన్నె ఎక్కడ దించాలో తెలియక చేత్తో పట్టుకు నిలబడి.

ఆ కారు పేరు ఎం.జి.బి. పొట్టిగా, ఎర్రగా, నేలకి కరుచుకున్నట్టుంటుంది. ఇద్దరే కూర్చోవాలి. 1962 నుంచి 1980 దాకా ఇలాంటివి ఐదు లక్షలకు పైగా తయారుచేశారట, అదీ ఈ ఆబింగ్డన్ ఊళ్ళోనే. 1980లో ఆ ఫ్యాక్టరీ మూసేశారు. మా అల్లుడిది 1972 నాటిది. అంటే పుట్టింటికి చేరిన కారన్నమాట. నడవని స్థితిలో ఉంటే చవగ్గా కొన్నాడట. చవగ్గా కొన్నవాటి సంగతి మనకు తెలియందేముంది!

"ముగ్గురయ్యాక ఇద్దరి కారెందుకు బాబూ?" అని అడిగాను ఒకరోజు.

"నేను నడుపుతాను, మీ మనవడు పక్కన కూర్చుంటాడు అత్తయ్యగారూ. మీ అమ్మాయి ఎలాగూ ఎక్కనంటోంది" అన్నాడు.

వారంలో ఐదురోజులూ కంప్యూటరు ముందు ఇస్త్రీ నలక్కుండా కూర్చునే మనిషి, శనాదివారాలొస్తే పాత పంట్లాం వేసుకుని గారేజీలో దూరేవాడు. నేను వెళ్ళేసరికే ఇంజను దించి, విప్పి, సిలిండర్లు బోరింగు చేయించి తెచ్చాడు. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా నాకు పాఠం చెప్పేవాడు. కొన్నప్పుడు ఇంజను పెట్రోలుతో పోటీగా నూనె తాగేదట, వెనకనుంచి నీలంపొగ వదిలేదట.

"రింగులు అరిగిపోయుంటాయి" అన్నాను, కప్పు అందిస్తూ.

అతను పానా కిందపెట్టి నావంక చూశాడు. "మీకెలా తెలుసు?"

నేను నాలిక కరుచుకున్నాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మావారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్ళు ఇంజన్లు బాగుచేశారు. సొంత షెడ్డే, ఇద్దరు కుర్రాళ్ళుండేవారు, అయినా ఆయన చేతులే ముందు. టాక్సీల అంబాసిడర్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆ డబ్బుతోనే ఇల్లు కట్టాం, పిల్లను ఇంజనీరింగు చదివించాం. కాని ఎవరైనా "మీవారేం చేస్తారండీ?" అని అడిగితే "బిజినెస్" అనేదాన్ని. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో "ఆటోనగర్‌లో షాపుందండీ" అన్నాను. షాపంటే వాళ్ళు సరుకులమ్మే షాపనుకున్నారు. మేము అనుకోనిచ్చాం. మా అమ్మాయి కూడా, తల్లి మాట తీసెయ్యలేకో, మరెందుకో, ఊరుకుంది.

ఆ పూట దాచలేకపోయాను. "మీ మావయ్యగారు ఇదే పని చేసేవారు బాబూ. అంబాసిడర్లకి" అన్నాను.

అతను ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "అంబాసిడరా! అత్తయ్యగారూ, అదీ ఇదీ ఒకే కుటుంబం!" అన్నాడు. అంబాసిడరుకు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డు అనే ఇంగ్లీషు కారట. ఎం.జి. అంటే మోరిస్ గారేజెస్ అట. రెండు కార్లలోనూ ఉన్నవి 'బి సిరీస్' అనే ఒకే వరస ఇంజన్లు. అంబాసిడరుది 1489 సి.సి., దీనిది 1798. సిలిండరు వెడల్పులో తేడాయే కాని, పిస్టను పైకీ కిందికీ తిరిగే దూరం రెంటికీ ఒకటే, సరిగ్గా మూడున్నర అంగుళాలు. వాల్వులు ఎనిమిదే. నిప్పు పడే వరసా ఒకటే.

"ఒకటి, మూడు, నాలుగు, రెండు" అన్నాను నేను.

ఆ వరస నాకు నోటికొచ్చు. మావారు స్నానం చేస్తూ, అన్నం తింటూ అంటూండేవారు. మొదట్లో ఏదో మంత్రమనుకునేదాన్ని.

ఆనాటినుంచి నాకు గారేజీలో ఒక ముక్కాలిపీట పడింది. పిల్లవాణ్ణి నిద్రపుచ్చి వెళ్ళి కూర్చునేదాన్ని. వాల్వులను తోసే కడ్డీలు ఎనిమిదింటినీ అట్టముక్కకు కన్నాలు పొడిచి, అంకెలు వేసి, వరసగా గుచ్చి పెట్టాడు మా అల్లుడు. ఏ కడ్డీ ఏ చోట అరిగిందో మళ్ళీ ఆ చోటికే పోవాలట. పోపులపెట్టెలో కూడా నాకంత క్రమం లేదు. హెడ్డుకి వాల్వుల కింద కొత్తగా గట్టి ఉక్కు వలయాలు దిగ్గొట్టించాడు. పాతకాలపు పెట్రోల్లో సీసం కలిపేవారు, అది వాల్వుల మూతులు అరక్కుండా కాసేదట. 1999తో ఈ దేశంలో బంకుల్లో ఆ పెట్రోలు అమ్మకం ఆగిపోయింది గనక ఈ ఏర్పాటు.

వాల్వుల సందు చూసేటప్పుడు ఒక లెక్కుంది. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది చూడాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది, ఆరోది తెరుచుకుంటే మూడోది. రెండంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది. సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు. సన్నని రేకు అందులో దూర్చి లాగితే కాస్త పట్టుకుని వదలాలి. ఆ రేకుల కట్ట మా ఇంట్లోనూ ఉండేది. చిన్న చాకుల కట్టనుకుని ఒకసారి కుట్టుమిషను సొరుగులో పడేస్తే, మావారు రెండురోజులు వెతుక్కున్నారు.

ఒక సాయంత్రం పని ముగించి చేతులు కడుక్కుంటూ మా అల్లుడు, "ఇదిగో అత్తయ్యగారూ, ఫొటో తియ్యండి. స్నేహితులకు పంపాలి" అని నల్లగా ఉన్న రెండు చేతులూ చాపాడు.

తీశాను. తీస్తుంటే నా వేళ్ళు వణికాయి.

మావారు రోజూ కిరసనాయిలుతో కడిగి, రంపపుపొట్టుతో రుద్ది, సబ్బురాసి, పెరటిదారిన ఇంట్లోకి వచ్చేవారు. అది నా ఏర్పాటే. ఎంత రుద్దినా గోళ్ళసందుల్లో నలుపు పోయేది కాదు. 2015లో అమ్మాయి పెళ్ళి రిసెప్షనులో ఫొటోగ్రాఫరు వరసగా నిలబెడుతూంటే నేను ఆయన చెవిలో, "చేతులు వెనక్కి పెట్టుకోండి" అన్నాను. ఆయన నావంక చూసి, ఏమీ అనకుండా వెనక్కి పెట్టుకున్నారు. ఆల్బంలో ఆ రిసెప్షను ఫొటోలు ఎన్ని తిరగేసినా ఒక్కదాంట్లోనూ ఆయన చేతులు లేవు. మరుసటేడే ఆయన పోయారు.

ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. ఆ రాత్రి అన్నాలయ్యాక, ఎందుకో, అమ్మాయి ముందూ అల్లుడి ముందూ చెప్పేశాను. మా అమ్మాయి పిల్లవాడి పక్కగుడ్డ మడతపెడుతూ తలెత్తలేదు.

అల్లుడే అన్నాడు, "కన్యాదానంలో నా కాళ్ళు కడిగింది ఆ చేతుల్తోనేగా అత్తయ్యగారూ. అప్పుడే చూశాను. ఆ బొటనవేలి కాయ చూసి, ఏం పని చేస్తారో అడగాలనుకున్నాను. బాగుండదేమోనని ఊరుకున్నాను."

జూను నెలాఖరులో ఇంజను ఎక్కించే ముహూర్తం వచ్చింది. గొలుసుతో ఎత్తే క్రేను ఒకటి అద్దెకు తెచ్చాడు. ముందు పైమూతా, రేడియేటరూ తీసేసి, ఇంజనూ గేరుబాక్సూ కలిపి బిగించి, తోకవైపు కిందికి వాల్చి ఏటవాలుగా దించాలి. గొలుసు తిప్పేది స్నేహితుడు, కిందనుంచి చూసేది అల్లుడు. రంగు గీసుకోకుండా పాత దుప్పటి అడ్డంపెట్టి పట్టుకునేది నేను. మా అమ్మాయి పిల్లవాణ్ణెత్తుకుని కిటికీలోంచి, "అమ్మా, చేతులు జాగ్రత్త!" అని కేకలు. బోల్టులు పడేసరికి మధ్యాహ్నం మూడయింది.

మర్నాడు ప్లగ్గులు తీసి, నూనె ఒత్తిడి ముల్లు లేచేదాకా ఇంజను తిప్పి, మళ్ళీ ప్లగ్గులు బిగించి, తాళం తిప్పాడు. తిరుగుతోంది, అంటుకోదు. కార్బురేటర్లోంచి ఫట్ ఫట్‌మని తుమ్ముతోంది. మళ్ళీ, మళ్ళీ. కొత్త కామ్‌షాఫ్టు, ఊరికే తిప్పుతూంటే దానికి పూసిన గ్రీజు కాస్తా పోయి అరిగిపోతుందని అతనికి భయం. ఆర్నెల్ల శ్రమ. మొహం పాలిపోయింది.

నాకు మావారి గొంతు వినిపించినట్లయింది. 2016లో గుండెజబ్బుతో మంచాన ఉండి కూడా షెడ్డు కుర్రాడికి ఫోన్లో చెప్పేవారు. "ఇప్పుడూ ఆ గోలేనా?" అని నేను విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే విన్న మాట ఒకటి మిగిలిపోయింది.

"బాబూ, ఒకటో ప్లగ్గు తీసి ఆ కన్నం మీద బొటనవేలు పెట్టి చూస్తావా? పిస్టను రెండుసార్లు పైకొస్తుందట. ఒకసారి పనికి, ఒకసారి పొగ తోయడానికి. వేలిని గాలి తన్నినప్పుడే లెక్కపెట్టుకోవాలనేవారు."

అతను వేలుపెట్టాడు. స్నేహితుడు మెల్లిగా ఇంజను తిప్పాడు. గాలి తన్నింది. డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూస్తే, లోపలి ముల్లు ఒకటో తీగవైపు కాక సరిగ్గా ఎదురుగా, నాలుగోదానివైపు ఉంది! పిస్టను రెండోసారి పైకొచ్చినప్పుడు బిగించాడన్నమాట. తీగలు నాలుగూ అరచుట్టు జరిపి తాళం తిప్పాడు.

అంటుకుంది!

కామ్‌షాఫ్టు కుదురుకోవాలంటే మొదటి ఇరవై నిమిషాలూ నిమిషానికి రెండువేల చుట్ల దగ్గరే ఉంచాలట. ఆ మోత మధ్య ఎవరం మాట్లాడుకోలేదు. మా అమ్మాయి గారేజీలోకి వచ్చి నా పక్కన నిలబడింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి నిండా గ్రీజు. అది వదల్లేదు.

మొదటి షికారు నాకే దక్కింది. తలకు గుడ్డ కట్టుకుని, ప్రాణాలు అరచేత పట్టుకుని, ఆబింగ్డన్ వీధుల్లో నెమ్మదిగా తిరిగొచ్చాను. కొత్తగా బోరింగు చేసిన ఇంజన్ని మొదటి ఐదువందల మైళ్ళూ తరమకూడదు, కొత్తకోడలిలా చూసుకోవాలి.

సెప్టెంబరులో తిరుగు ప్రయాణం. విమానంలో పక్కసీటావిడ ఏలూరు వాళ్ళు. ఆవిడా నాలాగే పురుడు పోసి వస్తోంది. మనవళ్ళ ఫొటోలు చూసుకున్నాక, "మీవారేం చేసేవారండీ?" అంది.

'బి' అనే అక్షరం నాలిక చివరిదాకా వచ్చింది. ఆ ఫొటోలు మళ్ళీ తీయించలేను, మాటైనా సరిచేసుకోవచ్చు గదా అనిపించింది.

"ఇంజన్లు బాగుచేసేవారండీ. ఆటోనగర్‌లో. ఆయన చేత్తో చేసేవారు" అన్నాను.