గుడిమల్లంలో చుట్టుకొలత

రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం చేరేసరికి, పరశురామేశ్వరాలయం దగ్గర బడిపిల్లల గుంపు కనబడింది. శిల్పం చూడ్డానికి వచ్చారనుకున్నాను. వాళ్ల లెక్కల సారు చేతిలో పురికొస చుట్ట ఉంది.

ఈ గుడికి పేరు తెచ్చింది గర్భాలయంలోని లింగం. దాదాపు అయిదడుగుల ఎత్తు. ముందువైపు మరుగుజ్జు భుజాల మీద నిలబడ్డ శివుడు. క్రీస్తుకు పూర్వం నాటిదని చాలామంది పండితుల మాట. లింగం చుట్టూ నలుపలకల రాతి కంచె. బయటికొచ్చి ప్రదక్షిణ చేస్తే గర్భాలయం ఆకారం కాళ్లకు తెలుస్తుంది: పక్క గోడలు తిన్నగా సాగి, వెనక అర్ధవృత్తంలా తిరుగుతాయి. గజపృష్ఠ విమానమంటే ఇదే.

పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం కనక సారు గోడల జోలికి పోలేదు. వెలుపల మట్టినేల మీద అలాంటి ఆకారమే గీయించాడు. ముందు వెడల్పు 7 అడుగులు, పక్కలు పదేసి అడుగులు. వెనక రెండు కొసలనూ గీతతో కలిపి, దాని నడుమ పుల్ల గుచ్చి, మూడున్నర అడుగుల పురికొసతో అర్ధవృత్తం తిప్పారు.

చుట్టుకొలత ఎంతని అడగ్గానే ఒక పిల్లాడు "45 సార్" అన్నాడు. దీర్ఘచతురస్రానికి 34, వంపుకు 11.

"ప్రదక్షిణ చెయ్యబ్బా" అన్నాడు సారు.

వాడు నడిచాడు. ముందు 7, పక్కన 10, వెనక 11, మళ్లీ 10. మొత్తం 38.

"ఆ నడిమి గీత మింద నడిచినావా?"

"లేద్సార్."

"మరెందుకు కలిపినావు?"

వంపుకు 11 ఎలా వచ్చిందో నాకోసం ఓ అమ్మాయి చెప్పింది: వ్యాసం 7ను 22/7తో గుణిస్తే పూర్తి పరిధి 22, అందులో సగం. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు స్థూలంగా వ్యాసానికి మూడు రెట్లన్నాడు, సూక్ష్మంగా పది వర్గమూలం రెట్లన్నాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. స్థూల లెక్కకు ఈ వంపు పదిన్నర, సూక్ష్మానికి పదకొండుకు రవ్వంత ఎక్కువ. పిల్లలు పురికొసను వంపు వెంట పరిచి, చాచి కొలిచారు. పదకొండు అడుగులు సరిపోయింది.

పోయేముందు సారు ఇంకో లెక్క విసిరాడు. లోపలున్న రాతి కంచెకు చుట్టుకొలత లోపలి అంచున తియ్యాలా, బయటి అంచునా? పిల్లలు రెండు జట్లై వాదించుకున్నారు. ఎందుకు కొలుస్తున్నామో తేలితేనే ఏ అంచో తేలుతుంది. బయట తిరిగేవాడికి బయటిది, లోపల పట్టీ వేసేవాడికి లోపలిది. నాలుగు మూలలూ మట్టంగా ఉండి, మందం అంతటా ఒకటే అయితే ఈ రెంటికీ తేడా మందానికి ఎనిమిది రెట్లు. గర్భగుడిలో కంచెకైనా, చిత్తూరు మామిడితోట ప్రహరీకైనా అంతే.