కాళ్లు నేలకు ఆనే బండి

మా ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా మోటారు సైకిలు ఉంది. దాని మీద నేను ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగానో లెక్కలేదు. అన్నీ వెనక సీటు మీదే. రెండు కాళ్లూ ఎడమవైపుకు వేసి, ఒళ్లో బ్యాగు, చేతిలో కూరగాయల సంచి, పెళ్లిళ్లకైతే బహుమతి ప్యాకెట్టు... నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ రింగురోడ్డు దాకా ఏ గుంత ఎక్కడుందో నా నడుముకు తెలుసు. బండి ఏ గేరులో ఉందో మాత్రం ఏనాడూ తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. క్లాసులో పిల్లలకు స్త్రీల చలనం మీద, బహిరంగ స్థలాల మీద పాఠాలు చెప్పే మనిషిని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

2022 జూలైలో ఒక రాత్రి. వారం రోజులుగా వాన. రెండు గంటలకు అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఇన్హేలరు పనిచేయడం లేదు. మా ఆయన (సహచరుడు అనాలని తెలుసు, రాత్రి రెండు గంటలకు మాత్రం ‘మా ఆయన’ అనే వస్తుంది) ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు. కంపెనీ బస్సులో వెళ్లాడు కాబట్టి బండి మెట్ల కింద ఉంది. తాళంచెవి మేకుకు వేలాడుతోంది. క్యాబ్ ఏదీ దొరకలేదు. ఆసుపత్రి బండి మీద ఏడెనిమిది నిమిషాల దూరం. తాళంచెవి చేతిలోకి తీసుకుని ఆ బండి ముందు కాసేపు నిలబడ్డాను. అంత ఎందుకూ పనికిరాని మనిషిలా నన్ను నేను ఎప్పుడూ చూసుకోలేదు. పెట్రోలు ఉంది, దారి తెలుసు, రెండు చేతులూ రెండు కాళ్లూ ఉన్నాయి. చివరికి పక్కింటి తలుపు కొట్టాను. ఆయన నిద్ర లేచి, చొక్కా తొడుక్కుని, హెల్మెట్ వెతుక్కుని వచ్చేసరికి ఇరవై నిమిషాలు. అదే బండి మీద ఆయన, మధ్యలో అత్తమ్మ, వెనక ఆమె పడిపోకుండా పట్టుకుని నేను.

అత్తమ్మ తేరుకుంది. నేను తేరుకోలేదు.

మోటారు సైకిలు నేర్చుకుంటాను అన్నప్పుడు ఇంట్లోనూ స్టాఫ్ రూములోనూ వచ్చిన జవాబు ఒక్కటే. “గేరు బండి ఎందుకు? స్కూటీ తీసుకో, హాయిగా ఉంటుంది.” ఈ మాటలో అబద్ధం లేదు. స్కూటరు మంచి బండి. ముందు కాళ్ల దగ్గర సంచి పెట్టుకోవచ్చు, సీటు కింద టిఫిన్ బాక్సు. మన తరం ఆడవాళ్లు ఎంతోమందికి గడప దాటించింది ఆ బండే. దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. అయితే ఆ రాత్రి మెట్ల కింద ఉన్నది స్కూటరు కాదు. మన చుట్టూ చాలా ఇళ్లలో ఉన్నది స్ప్లెండరో, షైనో, పల్సరో. ఇంటి ఆస్తే. ఈఎంఐలో మన జీతం కూడా ఉంటుంది. దాన్ని కదిలించే విద్య మాత్రం ఇంట్లో ఒక్కరిది. గేర్లు లేని బండి మాత్రమే నేర్చుకుంటే, ఇంట్లో ఉన్న బండి అప్పటికీ మనది కాదు.

రెండో కారణం రోడ్డు. మెట్రో నాగోలు నుంచి ఉప్పల్ మీదుగా 2017 నవంబరులో మొదలైంది. మా కాలేజీ మటుకు ఉప్పల్ రింగురోడ్డు నుంచి వరంగల్ దారిలో బోడుప్పల్, మేడిపల్లి దాటి నారపల్లి వైపు. అటు మెట్రో లేదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవరు పనులు 2018లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి సాగదీశారు. స్తంభాలు లేచాయి, కింద రోడ్డు లేకుండా పోయింది. 2023 డిసెంబరు నుంచి మనకు ఆర్టీసీ బస్సు ఉచితం. మంచిదే, మా విద్యార్థినులు ఎంతమంది దాని వల్ల చదువు మానకుండా వస్తున్నారో చూస్తున్నాను. సాయంత్రం బస్సులో కాలు పెట్టే చోటు దొరకడం వేరే సంగతి. ఇక ఆ గుంతల్లో స్కూటరు చక్రం 10, 12 అంగుళాలు. మోటారు సైకిలు చక్రం 17, 18 అంగుళాలు. చిన్న చక్రం గుంతలోకి దిగిపోతుంది, పెద్ద చక్రం చాలావరకు దాటేస్తుంది. ఇందులో భావజాలం ఏమీ లేదు, జామెట్రీ.

అయినా భావజాలం నన్ను వదల్లేదు. 2001లో పల్సర్ మార్కెట్లోకి వచ్చినప్పటి ప్రకటనలు గుర్తున్నాయా? ‘డెఫినెట్లీ మేల్’ అని గోడ గోడకీ రాశారు. యంత్రానికి కూడా లింగనిర్ధారణ! ఆ తర్వాత కొన్నేళ్లకు, సరదాలన్నీ మగపిల్లలకేనా అని అడుగుతూ ఆడపిల్లల కోసం రంగురంగుల స్కూటర్ల ప్రకటనలు వచ్చాయి. చట్టం సంగతి మరీ విచిత్రం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు సైకిలుకూ వెనక కూర్చున్న మనిషికి పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆసరా, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలి. మనం శారీ గార్డు అంటాం. ప్రాణాలు కాపాడే వస్తువే, కాదనను. కానీ ఆ చీర కట్టుకున్న మనిషి ఎక్కడ కూర్చుంటుందో పేరులోనే తేలిపోయింది చూడండి.

ఇవన్నీ తలలో తిరుగుతుంటే నేను నిశ్చయించుకున్నది ఏమిటంటే – కొంటే బుల్లెట్టే కొనాలి. స్టాఫ్ రూము కిటికీ అదిరేలా గేటులోంచి రావాలి. నలభై నాలుగేళ్ల వయసులో, అయిదడుగుల ఒక అంగుళం ఎత్తుతో.

ఉప్పల్ రోడ్డులో ఒక షోరూముకు వెళ్లాం. సేల్స్ కుర్రాడు బండి గురించి మా ఆయనకు చెప్పాడు, ధర మా ఆయనకు చెప్పాడు, కూర్చుని చూడమని మా ఆయన్నే అడిగాడు. బండి నాకని చెప్పాక నవ్వి, “మేడం గారికి పక్క సెక్షన్లో ఉన్నాయి సార్” అన్నాడు. నేను పట్టుదలగా బుల్లెట్ ఎక్కి కూర్చున్నాను. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, బరువు 195 కిలోలు. నాకు మూడున్నర రెట్లు. రెండు వైపులా బొటనవేళ్లు మాత్రమే నేలకు తగిలాయి. స్టాండు తీసి కొంచెం నిటారుగా చేయబోతే బండి కుడివైపుకు ఒరిగింది. పట్టుకున్నది ఆ నవ్విన కుర్రాడే. ఆ క్షణంలో అతని మీద వచ్చిన కోపానికి ఇప్పటికీ న్యాయం వెతుకుతున్నాను. దొరకలేదు.

నాకు నేర్పింది మా వీధిలో పాల ప్యాకెట్లు వేసే అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయి. తండ్రి మంచాన పడ్డాక ఆయన స్ప్లెండరే తీసుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు లైను మొదలుపెడుతుంది. హ్యాండిలుకు రెండు వైపులా సంచులు, వెనక క్రేటు. ఆమెకు మోటారు సైకిలు విముక్తి కాదు, పని. ఉప్పల్ భగాయత్ లేఅవుట్లో ఆదివారం పొద్దున్నే విశాలమైన ఖాళీ రోడ్లు ఉంటాయి. శిల్పారామం దాటి లోపలికి వెళ్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి నేర్చుకుంటూ కనిపిస్తారు. అక్కడ నా బుల్లెట్ కోరిక చెప్పాను.

“అక్కా, మీరు ఎవలకు చూపియ్యాలని కొంటున్నరు?” అంది.

నేను ఏదో అనబోయాను.

“బండి మీద కూసుంటే రెండు పాదాలు నేలకు ఆనాలె. మునివేళ్లు కాదు, పాదం. సిగ్నల్ల మీ ఒక్కరికే ఒరిగిందనుకోండి, ఎవలు పడ్తరు? మొదటి బండి ఎట్లైనా కిందపడ్తది. మీరే లేపగలిగే బండి తీస్కోండి.”

అప్పటిదాకా నేను స్కూటరు వద్దనుకున్నది అది వాళ్లు ఇమ్మన్నారని. బుల్లెట్ కావాలనుకున్నది వాళ్లు వద్దంటారని. రెండింట్లోనూ కొలత వాళ్లదే. నా కాలు ఎంత పొడుగో నేను కొలుచుకోనే లేదు. ఆ సాయంత్రం గోడకు ఆనుకుని టేపు పెట్టి కొలుచుకున్నాను. చీరకు ఫాల్ కుట్టించడానికి తప్ప నా కాలు పొడుగు నేను ఎప్పుడూ కొలవలేదు.

కొలతలతో వెళ్తే షాపు వేరుగా కనిపిస్తుంది. అవెంజర్ సీటు 737 మిల్లీమీటర్లే, కాళ్లు హాయిగా ఆనతాయి. కానీ 156 కిలోల పొడుగాటి బండి. మా గల్లీలో తిప్పాలంటే ఒక మనిషి కావాలి. పల్సర్ 150, స్ప్లెండర్ – రెండింటి సీటూ కాగితం మీద 785. కూర్చుంటే ఒకటి కాదు. పల్సర్ సీటు, ట్యాంకు వెడల్పు, తొడలు విడదీయాల్సి వచ్చి పాదం పైకి లేస్తుంది. స్ప్లెండర్ సన్నం, పాదం కిందికి దిగుతుంది. ఈ సంగతి ఏ బ్రోచరులోనూ ఉండదు, ఎక్కి కూర్చుంటేనే తెలుస్తుంది. బరువులోనూ ముప్ఫై అయిదు కిలోలకు పైగా తేడా. చివరికి నేను తీసుకున్నది షైన్ 100. సీటు ఎత్తు 786, బరువు 99 కిలోలు. వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటు ఉంది. 125 సీసీ లోపు బండ్లకు 2019 నుంచి అది తప్పనిసరి. కంగారులో ఒకే బ్రేకు మీద పడే నాలాంటి వాళ్లకు మంచిది. స్టాఫ్ రూము కిటికీ అదరదు. పాలమ్మాయి మాత్రం సీటు మీద చెయ్యి వేసి చూసి, “మంచిగుంది, లీటరుకు బాగనే ఇస్తది” అంది.

మొదటి వారంలోనే కింద పడేశాను. భగాయత్‌లో, చక్రం అప్పటికి ఆగే ఉంది. ముందు హ్యాండిలు పూర్తిగా తిప్పి, బండికి వీపు పెట్టి, మోకాళ్లు వంచి, నడుముతో కాకుండా కాళ్ల బలంతో వెనక్కి నడుస్తూ లేపాలి. ఆమె చెప్పింది, చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్క వేలు సాయం చేయలేదు. లేచింది. నాగోలు ట్రాకు మీద ఎనిమిది ఆకారం తిప్పుతూ మొదటిసారి కాలు కింద పెట్టి తప్పాను, రెండోసారి గట్టెక్కాను. ఫస్ట్ గేరులో సగం క్లచ్చు మీద నెమ్మదిగా తిప్పడమే అసలు విద్య. వేగంగా పోవడం ఎవరికైనా వస్తుంది.

పుదుక్కోట గుర్తొచ్చేది ఆ రోజుల్లో. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో వేలాది మంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. ఆ సంగతి సాయినాథ్ రాయగా మనలో చాలామంది చదివాం. లేడీస్ సైకిళ్లు చాలక జెంట్స్ సైకిళ్లు ఎక్కారు. కొందరు వాటినే మెచ్చారు కూడా, ముందున్న అడ్డ కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. 2018లో మన హైదరాబాదు నుంచే జై భారతి బృందం, నలుగురు స్త్రీలు, మోటారు సైకిళ్ల మీద వియత్నాం దాకా వెళ్లొచ్చారు. వాళ్లలో పియా బహదూర్ ఆ ప్రయాణం మీద పుస్తకం రాశారు. ఆ తర్వాత జై భారతి స్త్రీలకు బండి నేర్పే సంస్థే పెట్టారు. నాకు మాత్రం నారపల్లి దాకా చాలు.

రిజిస్ట్రేషన్ కాగితాల దగ్గర చిన్న గొడవ అయింది. బండి తన పేరు మీద ఉంటే ఇన్సూరెన్సు పనులు సులువని మా ఆయన వాదన. పన్నెండు నెలల వాయిదాలు నా జీతంలోంచి. ఆయన చెడ్డవాడు కాదు, అలవాటు. గంటసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత ఆయనే ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో ఎవరి కొడుకు, ఎవరి భార్య, ఎవరి కూతురు అన్న గడి ఉంటుంది. ఒకటి రాయాలి. నాన్న పేరు రాశాను. ఆయన జీవితంలో లూనా తప్ప ఏ బండీ నడపలేదు, నన్నూ నడపనివ్వలేదు. ఎందుకు రాశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. టీజీ 08తో మొదలయ్యే నంబరు పలక వచ్చింది.

షోరూములో శారీ గార్డు తీసేయించాలనుకున్నాను. అది లేకపోతే బండి కొంచెం సన్నగా, చూడ్డానికి బాగుంటుంది. ఎందుకో తీయించలేదు.

మొన్న వానాకాలంలో అత్తమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆమె గేటు దగ్గర కొంగు నడుములో దోపుకుని, చెప్పులు వేసుకుని నిలబడి, ఆయన వైపు కాకుండా నా బండి వైపు చూసింది.

“గీ వయసుల నీకు గిదేం పని అన్న గద బిడ్డా,” అంటూనే నా భుజం మీద చెయ్యి వేసి ఎక్కింది. నేను రెండు పాదాలూ నేలకు ఆన్చి గట్టిగా పట్టుకున్నాను. బండి కదలలేదు. ఆమె రెండు కాళ్లూ ఎడమవైపుకు వేసి సర్దుకుని, వెనక పిడిని తడిమి పట్టుకుంది.

“కూసున్న. జర మెల్లగ పో. హబ్సిగూడ దిక్కు వద్దు, ఆడ గుంతలున్నయ్.”